పుట్టుకతోనే రెండు రేకుల కవాటం: గుండె ఆపరేషన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను వైద్యుణ్ణి కాను. ఉద్యోగంలో చేరేముందు చేసే వైద్యపరీక్షలో, 22వ ఏట, నా గుండెలో ఏదో అదనపు శబ్దం ఉందని తేలింది. 41వ ఏట ఆపరేషన్ అయింది. ఆ తర్వాత తెలిసినవాళ్ళు, వాళ్ళకు తెలిసినవాళ్ళు ఫోన్ చేసి అడుగుతూ వచ్చిన ప్రశ్నలు ఇవి. మందుల మోతాదులు నేను చెప్పను, అది మీ వైద్యుల పని. వాళ్ళ గదిలో కూర్చున్న పది నిమిషాల్లో ఏమి అడగాలో తెలియక వెనక్కి వచ్చేసేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేనూ చాలాసార్లు అలాగే వచ్చేశాను.

ఇంతకీ ఏమిటీ లోపం?

గుండె ఎడమ జఠరిక నుంచి రక్తం మహాధమనిలోకి వెళ్ళే చోట ఒక కవాటం ఉంటుంది. ఆస్పత్రిలో అయోర్టిక్ వాల్వు అంటారు. దానికి మూడు రేకులు ఉండాలి. కొందరికి తల్లి కడుపులోనే రెండు రేకులు అతుక్కుపోయి, రెండే ఉన్నట్టు తయారవుతుంది. దీన్నే బైకస్పిడ్ అయోర్టిక్ వాల్వు అంటారు. పుట్టుకతో వచ్చే గుండె లోపాల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే. నూటికి ఒకరిద్దరికి ఉంటుంది, ఆడవారికన్నా మగవారిలో ఎక్కువ.

తెలుగు మాధ్యమంలో చదివినవారు ఒక చోట తికమకపడతారు, నేనూ పడ్డాను. పాఠ్యపుస్తకంలో మనం చదువుకున్న ‘ద్విపత్ర కవాటం’ వేరు. అది ఎడమ కర్ణికకూ జఠరికకూ మధ్య ఉండే మైట్రల్ వాల్వు, అందరికీ రెండు రేకులతోనే ఉంటుంది. మనం మాట్లాడుకుంటున్నది మూడు ఉండాల్సిన చోట రెండే ఉన్న మహాధమని కవాటం గురించి.

పుట్టుకతో ఉన్నది ఇన్నేళ్ళూ ఎందుకు తెలియలేదు?

రెండు రేకులతో కూడా కవాటం దశాబ్దాలపాటు పనిచేస్తుంది. గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. మూడు రేకులు పంచుకోవాల్సిన ఒత్తిడి రెండింటి మీదే పడటంతో అవి త్వరగా అరిగి, మందంగా మారి, వాటి మీద కాల్షియం పేరుకుంటుంది. అప్పుడు తలుపు పూర్తిగా తెరుచుకోదు. దీన్ని స్టెనోసిస్ అంటారు. కొందరిలో, ముఖ్యంగా వయసులో ఉన్నవారిలో, తలుపు సరిగా మూసుకోక పంపిన రక్తంలో కొంత వెనక్కి కారుతుంది. దాన్ని లీకు అనే అంటారు. రెండూ కలిసి ఉండటమూ మామూలే. కొద్దిమందికి పసితనంలోనే కవాటం బాగా ఇరుకుగా ఉండి బెలూన్‌తో తెరవాల్సి వస్తుంది. కొందరికి ముసలితనం దాకా ఏ ఇబ్బందీ రాకపోవచ్చు.

చిన్నప్పటి కీళ్ళవాతపు జ్వరం వల్లే వచ్చిందని ఊళ్ళో డాక్టరు అన్నారు. నిజమేనా?

మన దేశంలో కవాటాల జబ్బు అనగానే చాలామందికి ముందు తట్టేది రుమాటిక్ జ్వరం. అందులో ఆశ్చర్యమేమీ లేదు, మన దగ్గర ఆ జబ్బు ఇంకా ఉంది. గొంతునొప్పితో మొదలై, కీళ్ళు వాచి, చివరకు కవాటాలను దెబ్బతీస్తుంది. మళ్ళీ రాకుండా ఏళ్ళ తరబడి మూడు, నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ వేస్తారు. వాళ్ళకది చాలా అవసరం.

పుట్టుకతో వచ్చిన రెండు రేకుల కవాటానికి మాత్రం ఆ ఇంజెక్షన్‌తో పనిలేదు. గుండెలో శబ్దం విన్నారు కాబట్టి రుమాటిక్ అయి ఉంటుందనుకుని, నాకు నాలుగేళ్ళపాటు 21 రోజులకోసారి వేశారు. ఎకోలో, అంటే గుండెకు చేసే స్కానింగులో, రేకులు లెక్కపెట్టి చూసినవారు అప్పటిదాకా ఎవరూ లేరు. అందుకే అడగండి: ‘నా కవాటానికి ఎన్ని రేకులు? మైట్రల్ వాల్వు బాగుందా?’ రుమాటిక్ జబ్బు ఎక్కువగా మైట్రల్ వాల్వును పట్టుకుంటుంది. అయితే కారణం తేలకుండా మీ అంతట మీరు ఇంజెక్షన్లు మానేయకండి.

ఎకో రిపోర్టులో ఏ అంకెలు చూడాలి?

రిపోర్టు చివర ‘మైల్డ్’, ‘మోడరేట్’, ‘సివియర్’ అని రాసిన ఒక్క మాట చూసి ఊరుకోవద్దు. ఇరుకైన కవాటానికి మూడు అంకెలు ముఖ్యం. మొదటిది కవాటం గుండా రక్తం దూసుకుపోయే వేగం. సెకనుకు 2 నుంచి 3 మీటర్ల లోపు ఉంటే స్వల్పం, 3 నుంచి 4 లోపు మధ్యస్థం, 4 లేదా అంతకు మించితే తీవ్రం. రెండోది సగటు గ్రేడియెంట్, అంటే కవాటానికి అటూ ఇటూ ఉన్న ఒత్తిడి తేడా. రక్తపోటులాగే పాదరసపు మి.మీ.లలో కొలుస్తారు, 40కి చేరితే తీవ్రం. మూడోది తెరుచుకునే వైశాల్యం. మామూలుగా 3, 4 చదరపు సెంటీమీటర్లు ఉండాల్సింది 1కి పడిపోతే తీవ్రం.

లీకు ఎక్కువగా ఉన్నవారు గుండె పరిమాణం చూసుకోవాలి. కారిన రక్తాన్ని కూడా మోయాల్సి రావడంతో ఎడమ జఠరిక సాగుతూ పోతుంది. ముడుచుకున్నప్పుడు కూడా దాని వెడల్పు 50 మి.మీ. దాటినా, ఎజెక్షన్ ఫ్రాక్షన్ (ముడుచుకున్న ప్రతిసారీ జఠరిక తనలోని రక్తంలో బయటకు పంపే శాతం) 55 శాతానికో అంతకన్నా కిందికో దిగినా ఆపరేషన్ మాట మొదలవుతుంది. 55 అంటే మామూలే కదా అని ధైర్యపడేవారు చాలామంది. తీవ్రమైన లీకు ఉన్నవారికి అది మామూలు కాదు.

స్వల్పంగా ఉంటే 3 నుంచి 5 ఏళ్ళకోసారి, మధ్యస్థమైతే ఏడాది రెండేళ్ళకోసారి, తీవ్రమైతే ఆరు నెలలకో ఏడాదికో ఎకో తీయించుకోవాలి. వీలైతే ప్రతిసారీ ఒకే చోట తీయించుకోండి, చేతులు మారితే అంకెలు కొద్దిగా మారతాయి. నేను ఒక నోటుపుస్తకంలో తేదీ, వేగం, గ్రేడియెంట్, మహాధమని వెడల్పు నాలుగు గడులుగా రాసుకునేవాణ్ణి. నా శస్త్రచికిత్స నిపుణుడు మొదట చేతిలోకి తీసుకున్నది ఆ పుస్తకాన్నే, సీటీ ఫిల్ములను కాదు.

నాకు ఏ ఇబ్బందీ లేదు. బాగున్న మనిషికి ఛాతీ కోయడం ఎందుకు?

అందరూ అడిగేది ఇదే. నేను ఎక్కువ సేపు మాట్లాడేదీ దీని గురించే.

ఇరుకైన కవాటంతో ఆయాసం, ఛాతీలో పట్టేసినట్టు ఉండటం, కళ్ళు తిరిగి పడిపోవడం, ఈ మూడింటిలో ఏది మొదలైనా ఆలస్యానికి తావులేదు. 1968లో జాన్ రాస్, యూజీన్ బ్రాన్‌వాల్డ్ అనే వైద్యులు ప్రచురించిన పరిశీలన ఇప్పటికీ వైద్య విద్యార్థులకు చెబుతారు. ఆపరేషన్ లేకుండా వదిలేస్తే ఛాతీనొప్పి మొదలైనవారు సగటున 5 ఏళ్ళు, స్పృహ తప్పినవారు 3 ఏళ్ళు, గుండె అలసిపోయి ఆయాసం వచ్చినవారు 2 ఏళ్ళు మాత్రమే బతికేవారు. కాబట్టి అసలు ప్రశ్న ‘లక్షణాలు ఉన్నాయా’ అన్నది. దానికి మనమిచ్చే జవాబు చాలాసార్లు తప్పు.

నేను అబద్ధం చెప్పలేదు, నిజంగానే ఏ ఇబ్బందీ లేదనుకున్నాను. ఆఫీసులో మూడో అంతస్తుకు మెట్లెక్కేవాణ్ణి, ఎప్పటినుంచో లిఫ్టు ఎక్కడం మొదలుపెట్టాను. కూరగాయల సంచి నా చేతినుంచి మా అబ్బాయి చేతికి మారింది. తిరుమలకు నడిచి వెళ్ళే అలవాటున్నవాణ్ణి, ‘ఈసారి బస్సులో వెళదాం, ఎండగా ఉంది’ అన్నాను. అది డిసెంబరు. ఇవన్నీ వైద్యుల గదిలో చెప్పింది మా ఆవిడ. ఆవిడ ఆరోజు రాకపోతే ‘ఏమీ లేదండీ’ అని చెప్పి ఇంకో ఆరు నెలలు గడువు తెచ్చుకునేవాణ్ణి. ఈ జబ్బు నెమ్మదిగా పెరుగుతుంది, దానికి తగ్గట్టు మనమూ నెమ్మదిగా పనులు తగ్గించుకుంటాం. రొప్పు వచ్చేంత పని చేయడం మానేశాక ఇక రొప్పు ఎక్కడినుంచి వస్తుంది? అందుకే వైద్యుల దగ్గరకు వెళ్ళేటప్పుడు ఇంట్లో ఒకరిని వెంట తీసుకెళ్ళండి. ‘పోయిన సంవత్సరం చేసి ఈ సంవత్సరం చేయనిది ఏమిటి’ అని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి.

లక్షణాలు ఉన్నాయో లేవో తేలకపోతే వైద్యుల కళ్ళెదుట ట్రెడ్‌మిల్ పరీక్ష చేస్తారు. నడుస్తుండగా రక్తపోటు పెరగాల్సింది తగ్గితే, అదే జవాబు. ఒక హెచ్చరిక: ఇప్పటికే లక్షణాలున్న తీవ్ర స్టెనోసిస్‌కు ఆ పరీక్ష ప్రమాదకరం. ఏదో ప్యాకేజీలో ఉంది కదా అని చేయించుకోకండి.

ఇతర జబ్బులేమీ లేని మనిషికి ఒక్క కవాటం మార్చే ఆపరేషన్‌లో ప్రాణాపాయం అనుభవమున్న కేంద్రాల్లో నూటికి ఒకటి రెండు. గుండె దెబ్బతిన్నాక చేస్తే అది పెరుగుతుంది. ముందే చేయించుకోవడమూ తప్పే, ఎందుకంటే ఏ కృత్రిమ కవాటమూ కొత్త బాధ్యతలు లేకుండా రాదు. అంకెలు తీవ్రానికి చేరేదాకా ఆగడం చికిత్సలో భాగమే. ఆ గీత దాటాక ఆగడం మాత్రం భయం.

మందులతో తగ్గదా?

తగ్గదు. అతుక్కున్న రేకులను విడదీసే మాత్ర లేదు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందులు కాల్షియం పేరుకోవడాన్ని ఆపుతాయేమోనని అధ్యయనాలు చేశారు, ఆపలేదు. రక్తపోటు అదుపులో ఉంచుకోవడానికి మాత్రం మందులు అవసరం. కవాటాన్ని కరిగిస్తామని లేహ్యాలు అమ్మేవారి మాట విని ఏడాది పోగొట్టుకున్నవారు నాకు తెలుసు. ఆ ఏడాదిలో డబ్బుకన్నా గుండెకు జరిగిన నష్టమే ఎక్కువ.

మహాధమని వెడల్పు కూడా చూడాలంటున్నారు. ఎందుకు?

ఈ లోపం ఉన్న చాలామందిలో కవాటం పైన మొదలయ్యే మహాధమని గోడ కూడా బలహీనంగా ఉండి ఉబ్బుతుంది. వెడల్పు 5.5 సెం.మీ.కు చేరితే, కవాటం బాగున్నా సరే, ఆ భాగం మార్చాలంటారు. కుటుంబంలో ఎవరికైనా మహాధమని చీలి ఉన్నా, వేగంగా పెరుగుతున్నా 5 సెం.మీ. దగ్గరే ఆలోచిస్తారు. కవాటం కోసం ఎలాగూ ఛాతీ తెరుస్తున్నప్పుడు 4.5 దాటితే రెండూ కలిపి చేయడం మేలని చెబుతారు.

ఉబ్బు ఉన్నవారు నడవవచ్చు, సైకిల్ తొక్కవచ్చు. ఊపిరి బిగబట్టి బరువులెత్తడం మానాలి. ప్రాణాయామంలో కుంభకం కూడా వద్దు. ఎప్పుడైనా ఛాతీలోనో వీపులోనో చీల్చినట్టు హఠాత్తుగా నొప్పి వస్తే, గ్యాస్ అనుకుని పడుకోకండి. ఆస్పత్రిలో అడుగుపెట్టగానే ‘నాకు మహాధమని ఉబ్బు ఉంది’ అని చెప్పండి. గుండెపోటు అనుకుని రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తే, చీలిన మహాధమనికి అది ప్రాణాంతకం.

ఏ కవాటం వేయించుకోవాలి?

లోహపుదైతే దశాబ్దాలు నిలుస్తుంది, కానీ జీవితాంతం రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వేసుకోవాలి. పశువు గుండెపొరతోనో పంది కవాటంతోనో చేసిన టిష్యూ కవాటానికి ఆ మాత్రలు జీవితాంతం అక్కర్లేదు, కానీ అది 10, 15 ఏళ్ళలో అరిగిపోతుంది. వయసు ఎంత తక్కువైతే అంత త్వరగా అరుగుతుంది. అందుకే 50 లోపువారికి లోహపుది, 65 దాటినవారికి టిష్యూది అని సాధారణంగా చెబుతారు. మధ్యలో ఉన్నవారు వైద్యులతో కూర్చుని తేల్చుకోవాలి.

నేను లోహపుది ఎంచుకున్నాను. మాది జిల్లా కేంద్రం, రక్తపరీక్షకు పది నిమిషాల దూరం. రోజూ సాయంత్రం ఒకే వేళకు మాత్ర వేసుకోగలనన్న నమ్మకం నాకుంది. పరీక్ష కోసం 60 కిలోమీటర్లు బస్సులో వెళ్ళాల్సిన ఊళ్ళో ఉండి, పంట పనుల్లో మాత్ర మరిచిపోయే మనిషికి ఇదే సలహా ఇవ్వను. మాత్ర తప్పితే కవాటం మీద గడ్డ కట్టి ఒక్కసారిగా ఇరుక్కుపోతుంది. మీ బతుకు ఎలా నడుస్తుందో వైద్యులకు చెప్పకుండా ఏ కవాటం మంచిదో వాళ్ళు చెప్పలేరు.

లోహపు కవాటాలంటే విదేశాలవే అనుకోనక్కర్లేదు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలో ఎం.ఎస్. వలియత్తాన్ నాయకత్వంలో తయారైన చిత్ర కవాటాన్ని 1990లో మొదటిసారి మనిషికి అమర్చారు. దాని ధర తక్కువ కావడం వల్ల ఆపరేషన్ చేయించుకోగలిగిన పేదవారు ఎందరో.

రాస్ ఆపరేషన్ అని ఇంకొకటి ఉంది. 1967లో లండన్‌లో డోనాల్డ్ రాస్ మొదలుపెట్టారు. రోగి సొంత పుపుస ధమని కవాటాన్ని తీసి మహాధమని చోట పెట్టి, ఖాళీ అయిన చోట వేరే కవాటం అమరుస్తారు. మాత్రలు అక్కర్లేదు, పిల్లలకూ యువతకూ బాగా పనికొస్తుంది. కానీ ఒక కవాటం జబ్బు రెండు కవాటాలదవుతుంది, చేసే చెయ్యి బాగా అలవాటుపడినదై ఉండాలి. నటుడు ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్‌దీ ఈ లోపమే. ఆయనకు 1997లో ఆపరేషన్ జరిగింది, తర్వాత 2018లోనూ 2020లోనూ కవాటాలు మళ్ళీ మార్చాల్సి వచ్చింది. ఎక్కువగా లీకు సమస్యే ఉండి, రేకులు మెత్తగా ఉంటే కవాటాన్ని మార్చకుండా బాగుచేయడం కూడా కుదరవచ్చు. అడిగి చూడండి.

ఛాతీ కోయకుండా తొడ నుంచి కవాటం వేస్తారట కదా?

వేస్తారు. 2002లో ఫ్రాన్స్‌లో ఆలన్ క్రిబియే మొదటిసారి చేశారు. పెద్ద వయసువారికి అది వరమే. రెండు రేకుల కవాటంలో రంధ్రం గుండ్రంగా ఉండక, కాల్షియం ఒకవైపే ఎక్కువగా పేరుకుని, కొత్తది చుట్టూ సరిగా కుదురుకోకపోవచ్చు. ఉబ్బిన మహాధమనిని ఆ దారిన బాగుచేయలేరు. వేసేది టిష్యూ కవాటమే కాబట్టి అరుగుతుంది కూడా. నలభై ఏళ్ళవారు మొదట ఆలోచించాల్సింది ఇది కాదని నా అభిప్రాయం.

రక్తం గడ్డకట్టకుండా ఈ మాత్రలు వేసుకుంటే ఆకుకూరలు మానేయాలా?

మానక్కర్లేదు. వార్ఫరిన్, ఎసిట్రోమ్ పేరుతో దొరికే మాత్ర, రెండూ విటమిన్ కె పనిని అడ్డుకుంటాయి. తోటకూర, పాలకూర, గోంగూర, మునగాకుల్లో విటమిన్ కె ఉంటుంది. వారానికి రెండుసార్లు పప్పులో వేసుకునే అలవాటుంటే అలాగే కొనసాగించండి. నెలంతా ముట్టకుండా ఒక వారం మూడు పూటలా తినడమే చిక్కు తెస్తుంది. కార్తీక మాసంలో ఉపవాసాలు చేసేవారికి ఐ.ఎన్.ఆర్. (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే రక్తపరీక్ష అంకె) మారిపోతుంది, ఆ నెలలో పరీక్ష ఎక్కువసార్లు చేయించుకోవాలి. మహాధమని చోట వేసే మామూలు లోహపు కవాటానికి (ఇది తయారీలోనే రెండు రేకులది) ఐ.ఎన్.ఆర్. 2 నుంచి 3 మధ్య ఉండేలా చూస్తారు. మీ కవాటానికి ఎంత ఉండాలో డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి.

ఆకుకూరలకన్నా ప్రమాదం మందుల దుకాణంలో ఉంది. ఒళ్ళునొప్పులకు డైక్లోఫెనాక్, విరేచనాలకు మెట్రోనిడజోల్ అడగ్గానే ఇచ్చేస్తారు. మొదటిది కడుపులో రక్తస్రావం తెస్తుంది, రెండోది ఐ.ఎన్.ఆర్.ను పెంచేస్తుంది. జ్వరానికి తుంటిలో ఇంజెక్షన్ వేయబోతే ఆపి చెప్పండి, కండలో రక్తం గడ్డకట్టి వాస్తుంది. డెంగ్యూ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోతే ఈ మాత్రల సంగతి మొట్టమొదట చెప్పాలి. కొత్తగా వచ్చిన రక్తం పలుచబరిచే మాత్రలు నెలనెలా పరీక్ష లేకుండా వాడవచ్చని ఎవరైనా అంటే, అవి లోహపు కవాటానికి పనికిరావని గుర్తుంచుకోండి. ప్రయత్నించిన అధ్యయనాలను మధ్యలోనే ఆపేశారు.

జ్వరం గురించి, పళ్ళ గురించి ఇంత భయపెడతారెందుకు?

లోపమున్న కవాటం మీద సూక్ష్మజీవులు తేలిగ్గా స్థిరపడతాయి. చిగుళ్ళనుంచి రక్తంలోకి వెళ్ళేవి వాటిలో ముఖ్యం. రోజుకు రెండుసార్లు బ్రష్ చేయడం, ఆరు నెలలకోసారి పళ్ళ డాక్టరుకు చూపించుకోవడం నిజంగా గుండె వైద్యమే. ఆపరేషన్‌కు ముందే పుచ్చుపళ్ళ పని పూర్తిచేసుకోవాలి. కృత్రిమ కవాటం ఉన్నవారు పన్ను పీకించుకునే ముందు యాంటీబయాటిక్ వేసుకోవాలి. సొంత కవాటంతోనే ఉన్నవారికి అది సాధారణంగా అక్కర్లేదు.

జ్వరం కొన్ని రోజులైనా తగ్గకపోతే, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్ (రక్తంలో సూక్ష్మజీవులు ఉన్నాయేమో చూసే పరీక్ష) చేయమని అడగండి. ముందే మాత్రలు మింగితే జబ్బు అణగదు, పరీక్షలో మాత్రం దొరకదు.

మా అమ్మాయికి ఈ లోపం ఉంది. పెళ్ళి, పిల్లలు?

స్వల్ప లోపంతో కాన్పులు మామూలుగానే జరుగుతాయి. కవాటం తీవ్రంగా ఇరుకైనా, మహాధమని బాగా ఉబ్బినా గర్భానికి ముందే చికిత్స కావాలి. లోహపు కవాటం వేస్తే చిక్కు ఎక్కువ. 6 నుంచి 12 వారాల మధ్య వార్ఫరిన్ శిశువు ఎదుగుదలను దెబ్బతీయవచ్చు, మానేస్తే తల్లి కవాటం మీద గడ్డ కడుతుంది. అందుకే పిల్లలు కావాలనుకునే అమ్మాయిలకు చాలామంది టిష్యూ కవాటం సూచిస్తారు, రెండో ఆపరేషన్ వస్తుందని తెలిసే. ఈ నిర్ణయంలో అమ్మాయి మాటే చివరి మాట కావాలి. ఆమెను బయట కూర్చోబెట్టి పెద్దలు తేల్చడం నేను చూశాను, చాలా బాధపడ్డాను.

సంబంధం చూసేటప్పుడు దాచవద్దు. మాత్రల డబ్బా రెండో రోజే కనబడుతుంది.

తోబుట్టువులకు, పిల్లలకు పరీక్ష చేయించాలా?

చేయించాలి. ఈ లోపం ఉన్నవారి తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో సుమారు పదిమందిలో ఒకరికి ఉంటుంది. ఒక్క ఎకో చాలు. మా తమ్ముడికి అలాగే తెలిసింది.

ఖర్చు?

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో అదే తరహా పథకం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో ఉంది. ఆస్పత్రిలో చేరాక కాదు, చేరకముందే అక్కడి ఆరోగ్యమిత్రను కలిసి మీ కార్డుకు ఏమి వర్తిస్తుందో, ఏ కవాటం వస్తుందో అడగండి. పుట్టపర్తిలోని సత్యసాయి ఆస్పత్రిలో 1991 నుంచి గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తున్నారు. చిన్నపిల్లలకు తిరుపతిలో పద్మావతి హృదయాలయం ఉంది. ఆరోగ్య బీమా తీసుకునేటప్పుడు ఈ లోపాన్ని దరఖాస్తులో రాయండి. ముందునుంచి ఉన్న జబ్బుకు వేచి ఉండాల్సిన కాలం ఇప్పుడు 36 నెలలకు మించకూడదు.

ఆపరేషన్ తర్వాత ఎలా ఉంటుంది?

కళ్ళు తెరిచేసరికి గొంతులో గొట్టం ఉంటుంది, మాట రాదు. ఇది ముందే తెలిస్తే భయం సగం తగ్గుతుంది. ఒకటి రెండు రోజులు ఐసీయూ, మొత్తం వారం పది రోజులు. కోసిన రొమ్ము ఎముక అతుక్కోవడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. అప్పటిదాకా బకెట్ ఎత్తవద్దు, బండి నడపవద్దు, పిల్లలను చంకనెత్తుకోవద్దు. దగ్గు వస్తే దిండు ఛాతీకి హత్తుకుని దగ్గాలి. రెండో వారంలో కారణం లేకుండా ఏడుపు వచ్చేది, చాలామందికి అంతేనట. ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పి ఉంచండి. నేను మూడో నెలలో ఆఫీసుకు వెళ్ళాను, మెట్లెక్కి.

లోహపు కవాటం శబ్దం వినిపిస్తుందా?

వినిపిస్తుంది. రాత్రి ఫ్యాన్ ఆపితే గోడగడియారంలా టక్కుటక్కుమంటుంది. మొదటి నెల నిద్ర పట్టలేదు, ఎడమవైపు ఒత్తిగిలితే ఇంకా ఎక్కువ. ఇప్పుడు నేను గమనించను. పక్కన పడుకున్న మా ఆవిడ వింటూ ఉంటుంది. శబ్దం ఎప్పుడైనా మందగించినా, ఆగినట్టు అనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాలి, అది గడ్డ కట్టిందనడానికి గుర్తు కావచ్చు.